గులకరాయి పడ్డ చప్పుడు

తలుపు లాగగానే లోకం మీద ఎవరో దుప్పటి కప్పినట్టయింది. ఈ గది ఎప్పుడూ అంతే, జానెడు మందం తలుపు, గోడల నిండా మెత్తటి నురుగు పలకలు, కింద తివాచీ, కిటికీకి రెండు పొరల అద్దం, కాసేపు కదలకుండా కూర్చుంటే మెడలో నరం కొట్టుకోవడం కూడా వినపడుతుంది. మొదటిసారి వచ్చినవాళ్ళు అది మిషన్ చప్పుడనుకుని బటన్ నొక్కేస్తారు, నేను అద్దానికి అవతల కూర్చుని చూస్తూ ఏమీ అనను, తన గుండె చప్పుడు తనకే వినపడితే ఎవరు మాత్రం నొక్కరు. ఇరవైతొమ్మిదేళ్ళుగా నా పని అదే, చెవుల పరీక్ష, అవతల కూర్చుని ఇవతలివాళ్ళ చెవుల్లోకి చిన్న చిన్న చప్పుళ్ళు పంపడం, వినపడితే నొక్కండి అనడం, నొక్కితే ఇంకాస్త తగ్గించడం, నొక్కకపోతే ఒక మెట్టు పెంచడం, అలా దిగుతూ ఎక్కుతూ ఆ మనిషికి వినికిడి ఎక్కడ మొదలవుతుందో అక్కడ కాగితం మీద ఒక చుక్క పెట్టడం. పదిసార్లు పంపితే అయిదుసార్లు నొక్కినా చాలు, వినపడినట్టే లెక్క. ఈ సంగతి చెప్పినప్పుడు మా ఆవిడ, సగం వింటే విన్నట్టేనా, అయితే మీరూ నా మాట విన్నట్టే మాస్టారూ, అంది. మాస్టారూ అనే పిలిచేది నన్ను. నేను ఏ బడిలోనూ పాఠం చెప్పినవాణ్ణి కాను, ఇంట్లో మాత్రం ప్రతిదానికీ ఒక దిద్దుబాటు చెబుతానట, అందుకని. ఆవిడ పోయి పదకొండు నెలలు.

ఒంటిగంట దాటి నాలుగు నిమిషాలు. ఒళ్ళో ల్యాప్‌టాప్, దాని ఇంటర్నెట్ తీగ గోడలో హెడ్‌ఫోన్లు తగిలించే పలకలో పనికిరాని బొక్కలోంచి అవతలికి పోయి గోడ సాకెట్లో దూరింది, ఈ గదిలోకి ఫోను సిగ్నల్ కూడా రాదు, ఈ తీగ ఒక్కటే దారి. తెర మీద ఆట తెరుచుకునే ముందు ఒక నల్ల పలక, దాని మీద నాలుగు ముక్కలు: ఈరోజు మధ్యాహ్నం రెండు గంటలకు ఈ లోకం మూసివేయబడుతుంది, ఇన్నాళ్ళూ మాతో నడిచినందుకు కృతజ్ఞతలు. మూసేస్తే మూసేసినట్టే, ఒంటరిగా ఆడుకునే ఆటే గాని మనుషుల్నీ ఊళ్ళనూ దాచిపెట్టేది కంపెనీవాళ్ళ దగ్గరే, రెండు దాటాక ఎవరూ లోపలికి పోలేరు, ఎవరూ బయటికి రారు. పొద్దున అమ్మాయి మెసేజ్ పెట్టింది. నాన్నా, ఇవాళే ఆఖరట, నేను షిఫ్టులో ఉంటాను, నువ్వు వెళ్ళి బెంచీ మీద అమ్మా మాస్టారూ కూర్చున్న ఫొటో ఒకటి తీసి పంపవా, మళ్ళీ దొరకదు. అలాగే తల్లీ అని కొట్టాను. ఇంకేం కొట్టను? ఏడు నెలలుగా ఆ బెంచీ మీద ఎవరూ కూర్చోలేదని, కూర్చోకుండా చేసింది నేనేనని ఆ పిల్లకు తెలియదు. యాభై ఆరు నిమిషాలున్నాయి.

నల్ల పలక పోయింది, సాయంత్రం వచ్చింది. ఆ లోకంలో ఆ నది దగ్గర ఎప్పుడూ సాయంత్రమే, నీళ్ళ మీద రాగి చెంబు తోమినట్టు వెలుతురు, పొడుగాటి చెక్క వంతెన, వంతెనకు ఈ చివర కోట గుమ్మం, నట్టనడుమ ఒక రాతి బెంచీ. గుమ్మం పక్కన గోడ నీడలో మా ఆవిడ వంగుని ఉంది. మా ఆవిడ కాదు, ఆటలో ఆవిడ తయారుచేసుకున్న మనిషి, జానెడు పొడుగు, తన పేరే పెట్టుకుంది. నేను చిన్నావిడ అనేవాణ్ణి. వంటింట్లోంచి వినేది. పెద్దావిడ ఇక్కడ చెమటోడుస్తుంటే చిన్నావిడతో ఏం పని మాస్టారూ మీకు? అని గరిటె చప్పుడుతో సహా వచ్చేది ప్రశ్న. పోస్టాఫీసు కౌంటర్లో ఇరవయ్యారేళ్ళు కూర్చున్న మనిషి. పగలంతా అద్దంలో ఆ అర్ధచంద్రం బొక్కకు ఎదురుగా, ఊళ్ళో వాళ్ళందరి మొహాలూ ఆ బొక్కలోకి వంగి ఆవిడనే చూస్తుంటే, చిల్లర లేదా, క్యూ చూడరా, పెన్ను ఇస్తారా. ఒక ఏడాది అమ్మాయి కాలు విరిగి మంచం మీద ఉంది, ఈ ఆట ఆడుకుంటుంటే పక్కన కూర్చుని చూస్తూ చూస్తూ ఈవిడే ఎక్కువ పట్టేసింది. ఇదేమిటే నీకీ పిచ్చి అని నేనంటే, పగలంతా అందరికీ కనబడే ఉద్యోగం కదండీ, సాయంత్రం ఒక గంట ఎవరికీ కనబడకుండా తిరుగుతానంటే మీకేం కష్టం, అంది. కష్టమేమీ లేదు. పక్కన కూర్చునేవాణ్ణి, ఆవిడ చీకటి వసారాల్లో గోడవారగా పోతుంటే కాపలావాడు దగ్గరికొచ్చినప్పుడు నేను కూడా ఊపిరి బిగబట్టేవాణ్ణి. నువ్వెందుకు నాన్నా బిగబట్టడం, వాడు నిన్ను చూడడు, అనేది అమ్మాయి.

కనబడకపోవడానికి అక్కడ ఒక లెక్క ఉంది. వంగుంటే కొంత, నీడలో ఉంటే కొంత, మెల్లగా నడిస్తే కొంత, కాని అసలుది బట్టల్లో ఉంది. ఎండమావి రాయి అని ఒకటి దొరుకుతుంది, దాన్ని పొడిచేసి తొడుక్కునేదానికి పట్టిస్తే అది నూటికి ఇన్నిపాళ్ళు మనిషిని గాలిలో కలుపుతుంది. ముసుగుకు ఇరవై, చేతి తొడుగులకు పదిహేను, మెత్తటి జోళ్ళకు ఇరవై, పై వస్త్రానికి ముప్పై. ఎనభై అయిదు. తెర కింద ఒక కన్ను బొమ్మ ఉంటుంది, చూసేవాడి కన్ను, ఎనభై అయిదు దగ్గర అది నిద్రలో ఉన్న పిల్లల కన్నులాగా సన్నటి గీత మిగులుతుంది. ఇక ఉంగరం. పదిహేను. దానికోసం రెండు నెలలు తిరిగింది, ఏడు తలుపుల భాండాగారంలోంచి ఎత్తుకొచ్చింది, వచ్చిన రోజు నన్ను పని నుంచి వచ్చే దారిలో ఉండగానే ఫోన్ చేసి పిలిచింది, స్వీట్లేమీ తేకండి, ఊరికే రండి అని. ఆ ఉంగరం పెట్టుకుంటే నూరు. నూరైతే కాపలావాడి ముక్కు పట్టుకు లాగినా వాడికి తెలియదట. సంచీలో వేసుకుంది. పెట్టుకోలేదు. ఎందుకని నేను అడగలేదు, వంట ఎందుకింత ఆలస్యమని కూడా అడగనివాణ్ణి, తర్వాత ఎప్పుడో పెట్టుకుంటుందిలే అనుకున్నాను, తర్వాత రక్తపరీక్షలు వచ్చాయి, ఆస్పత్రి వచ్చింది.

అదిగో పిలిచాడు. గుమ్మం దగ్గర లాంతరు పట్టుకుని నిలబడ్డవాడు, నిమిషమున్నరకోసారి పిలుస్తాడు. వాడి భాషలో వాడేదో అంటాడు, ఈవిడ వాడికి తన మాటల్లో డబ్బింగ్ చెప్పేది, బొంగురు గొంతు పెట్టి: ఎక్కడికెళ్ళావమ్మా, చీకట్లో? ఇప్పుడు డబ్బింగ్ లేదు, వాడి అసలు గొంతే, అయినా నాకు ఆ మాటలే వినబడతాయి. మూడో ఊళ్ళో కూలికి దొరుకుతాడు వాడు, లాంతరు మోసేవాడు. అందరూ నాలుగడుగులు నడిపించి వదిలించుకుంటారని అమ్మాయి చెప్పింది, కుండలు తన్నేస్తాడు, దొంగతనానికి పోయేచోట తుమ్ముతాడు, ఎప్పుడూ అరడుగు వెనకే ఉండి జాగ్రత్తలు చెబుతాడు. ఈవిడ వదిలించుకోలేదు. వాడికి పేరు పెట్టుకోవచ్చు, మాస్టారు అని పెట్టింది. నేను మొహం చిట్లిస్తే, ఏం, తుమ్మరా మీరు? అని అడిగింది. రోజూ ఆట కట్టేసేముందు ఈ వంతెన దగ్గరికి వచ్చి ఇద్దరినీ రాతి బెంచీ మీద కూర్చోబెట్టేది, ఆవిడ ఎడమవైపు కూర్చుంటే వాడు వచ్చి కుడివైపు కూలబడి లాంతరు పక్కన పెట్టి ఒక మాట అనేవాడు, దానికి డబ్బింగ్, కాళ్ళు లాగేస్తున్నాయి, కాస్త కూర్చుందామా? అంతే, తెర ఆర్పేసి వెళ్ళి పాలు తోడు పెట్టేది.

ఆవిడ పోయిన నాలుగో నెలలో ఒక ఆదివారం నేను దాన్ని తెరిచాను. ఇంట్లో ఆవిడ సగంలో వదిలేసినవన్నీ అప్పటికి పూర్తి చేస్తున్నాను, గళ్ళ నుడికట్టులో మిగిలిన గళ్ళు నింపాను, మోకాలిదాకా అల్లి ఆపిన మేజోడు పక్కింటావిడ దగ్గర నేర్చుకుని వేలిదాకా అల్లాను, ఒక్కటే, రెండోది మొదలే పెట్టలేదు ఆవిడ. సంచీలో ఉంగరం చూశాను. ఇంత కష్టపడి తెచ్చుకుని పెట్టుకునే తీరికైనా దొరకలేదు కదా అనుకున్నాను. చిన్నావిడ వేలికి పెట్టాను. అయిదూ ఒకచోట చేరితే ఒక్కటైపోతాయి, ఇక ఏదీ ఊడదు అని పక్కన చిన్న అక్షరాల్లో ఉంది, మందుసీసాల మీద రాసినవి కూడా చదివేవాణ్ణి దాన్ని మాత్రం చదవలేదు. కన్ను మూసుకుపోయింది. నూరు. ఇక ఎవరూ ఏమీ చేయలేరు నిన్ను అని పైకే అన్నాను. నడిపించాను. వెనక అడుగుల చప్పుడు లేదు. తిరిగి చూస్తే మాస్టారు గుమ్మం దగ్గరే నిలబడి లాంతరు పైకెత్తి అటూ ఇటూ తిప్పుతున్నాడు. కాపలావాళ్ళ కంటికీ వాడి కంటికీ అక్కడ తేడా లేదు. అందుకు పెట్టుకోలేదన్నమాట. ఎనభై అయిదు దగ్గర లోకానికంతా కనబడదు, అరడుగు వెనక ఉన్నవాడికి మాత్రం కనబడుతుంది, ఆ పదిహేను వాడికోసం మిగుల్చుకుంది. ఉంగరం విడదీసే కంసాలి ఒకడున్నాడు ఉత్తరాన, మూడు వారాలు నడిపించుకు వెళ్ళాను, వాడి ముందు నిలబడితే వాడు నాలోంచి, అంటే ఆవిడలోంచి, వీధిని చూస్తున్నాడు. కనబడని మనిషితో ఎవరు బేరమాడతారు. తిరిగొచ్చేశాం. దారిలో రెండుసార్లు దారి తప్పాం కూడా.

అరగంట గడిచిపోయింది, ఊరికే నీడలో కూర్చోబెట్టి చూస్తుంటే నిమిషాలు ఇట్టే పోతాయి, రోజూ ఇంతే చేశాను, భోజనాల గంట ఇక్కడే గడిపాను. నాకూ నాదొక లెక్క కుదిరింది. దీపం తీసేస్తే కొంత, కుర్చీ మూరెడు ఎడమకు జరిపితే అద్దంలోంచి కనబడదు, బూట్లు విప్పేస్తే అడుగు వినపడదు, నా లెక్కలో ఒక డెబ్బై పాళ్ళు ఉంటాను. దేన్నుంచి దాక్కుంటున్నావంటే, గొంతుల నుంచి. భార్య పోయినవాడితో మాట్లాడేటప్పుడు మనుషులు గొంతు పది డెసిబెల్స్ తగ్గిస్తారు, నేను కొలిచిచెప్పగలను, క్యాంటీన్లో, లిఫ్టులో, మెట్ల మీద. ఎలా ఉన్నారు అనే మాట పూర్తిగా వినపడేట్టు అడిగినవాడు లేడు. వాళ్ళ తప్పేమీ లేదు, నేనూ అలాగే అడిగుంటాను ఎవర్నో. ఎవరితోనైనా ఒకే గొంతుతో మాట్లాడేవాళ్ళంటూ ఉంటే అది రిసెప్షన్ అమ్మాయి, రేడియో అంటారు ఆమెను, ఎనిమిదింటికి మొదలవుతుంది, ఈ స్టేషన్‌కు మూత లేదు.

అదిగో. తల మీద స్పీకర్లో బర్రుమంది. అవతల బల్ల మీది మైకు రోజూలాగే కట్టేయకుండా వచ్చేశానన్నమాట.

"సార్, లోపల మీరున్నట్టయితే చెబుతున్నా, లేనట్టయితే గోడకి చెబుతున్నా అనుకోండి. రెండింటి పేషెంటు పెద్దాయన్ని రెండుంపావుకి జరిపాను. ఆయన సరిగా వినపళ్ళేదన్నాడు, మూడుసార్లు చెప్పాను, అందుకే కదయ్యా వస్తున్నావు అన్నా. టీ ఇక్కడ పెడుతున్నా. చల్లారితే నా పూచీ కాదు."

రోజూ ఏదో ఒకటి ఇలాగే. ఏడు నెలలుగా అద్దం అవతల నిలబడి ఖాళీ గదితో మాట్లాడి పోతుంది, నేనున్నానని తెలుసు, తెలిసినట్టు చూపించదు, తలుపు తట్టదు. నేను పలకను. రెండో నెలలో ఎవరో పెద్ద డాక్టరు నాకోసం వెతుక్కుంటూ వస్తే, ఇప్పుడే ఇటెళ్ళారండీ అని మెట్లవైపు చూపించడం ఈ స్పీకర్లోనే విన్నాను. నాకు ఒక్క ముక్క చెప్పలేదు ఆ సంగతి.

టక్.

కప్పు మైకు పక్కన పెట్టినట్టుంది. ఈ గదిలో ఆ చప్పుడు గాజు గోలీ పడ్డట్టు వినపడింది, నా తల దానంతట అదే అటు తిరిగింది, అద్దం వైపు, చీకట్లో ఏమీ కనబడదని తెలిసి కూడా. తిరిగిన మెడ అలాగే ఉంచి ఆలోచించాను. ఎంతమందిని చూశాను ఈ కుర్చీలో, పుట్టుగుడ్డి పిల్లల్ని, మాట రాని పెద్దవాళ్ళని, నెలల పసికందుల్ని, వాళ్ళలో కొందరు బటన్ నొక్కలేరు, అయినా పరీక్ష చేస్తాం, ఒక పక్క గంట మోగించి తల అటు తిరుగుతుందా అని చూస్తాం. కనబడటం అక్కర్లేదు. చిన్నావిడ సంచీ తెరిచాను. తాళంచెవులు, తాడు, రొట్టె ముక్క, గులకరాళ్ళు పదకొండు. కాపలావాళ్ళను పక్కదారి పట్టించడానికి ఉంచుకునేవి, ఒకటి అటు విసిరితే వాళ్ళు అటు పోతారు, ఈవిడ ఇటునుంచి పోతుంది. పక్కదారి పట్టించడానికే అనుకున్నాను నేను. రాయి పడితే మనిషి అటు వస్తాడన్నది ఒక్కటే నిజం అక్కడ, ఎందుకు రప్పిస్తున్నామో రాయికేం తెలుసు. ఇరవైతొమ్మిదేళ్ళ పనివాణ్ణి, ఏడు నెలలు పట్టింది.

ఒంటిగంట నలభై ఒకటి.

మొదటి రాయి మాస్టారికి నాలుగడుగుల దూరంలో విసిరాను. చెక్క మీద టొక్కుమంది. లాంతరు తిరిగింది. ఎవరక్కడ? అన్నాడు, ఆ మాటకు ఆవిడ డబ్బింగ్ కూడా అదే, ఎవరక్కడ, అంతకన్నా కలపడానికేమీ లేదు. వచ్చాడు, రాయి పడ్డచోట నిలబడి లాంతరు దించి చూశాడు, ఊపిరి వదిలి, గాలేమో, అన్నాడు, వెనక్కి తిరిగి గుమ్మానికి పోయాడు. తెలిసింది. ఎవరక్కడ అన్నదానికీ గాలేమో అన్నదానికీ మధ్య ఏడు క్షణాలు, ఆలోపు రెండోది పడాలి. పని దగ్గర మేం చప్పుళ్ళు ఒక వరసలో పంపం, వరస పడితే మనిషి చెవితో కాక లెక్కతో నొక్కేస్తాడు, ఆగి ఆగి, ఒకసారి రెండు క్షణాలకు, ఒకసారి ఆరుకు. ఇక్కడ వరస కావాలి. చిన్నావిడను బెంచీ వైపు వెనక్కి వెనక్కి నడిపిస్తూ ముందుకు విసిరాను, పడింది, వచ్చాడు, మళ్ళీ విసిరాను, వంతెన మీదికి ఎక్కాడు, ఒకటి పలకల సందులోంచి నీళ్ళలోకి జారిపోయింది, వాడు కటకటాల మీంచి నీళ్ళలోకి తొంగిచూస్తూ నిలబడ్డాడు, ఏడు క్షణాలు, గాలేమో, తిరిగిపోయాడు సగందాకా, పరుగెత్తి వాడి వెనక్కి పోయి దగ్గరగా వేశాను, ఆగాడు. చెమట పట్టింది నాకు, చేతులు తుడుచుకున్నాను.

ఆస్పత్రిలో ఆ చివరి మధ్యాహ్నం కళ్ళు తెరవలేదు ఆవిడ. మాట్లాడేది కూడా లేదు, కాని పొద్దున నా చేయి తన అరచేతిలో పెట్టించుకుని, వినపడితే నొక్కుతాను మాస్టారూ, అంది, అలసిపోతూనే నవ్వింది ఆ మాటకు. మాట్లాడుతూ కూర్చున్నాను. అమ్మాయి బస్సు ఎక్కిందని చెప్పాను, నొక్కింది. కొళాయి బాగుచేయించానని చెప్పాను, నొక్కింది. పక్క మంచంవాళ్ళు నిద్రపోతున్నారని కాస్త గొంతు తగ్గించాను, నొక్కింది. ఇంకాస్త తగ్గించాను. ఎందుకు తగ్గించానో నాకు తెలుసు, చేయి అలవాటు పడిపోయింది ఆ పనికి, నొక్కితే తగ్గించడం. తగ్గించి తగ్గించి పెదవులు మాత్రం కదిలేదాకా వచ్చాను, అప్పుడు కూడా నొక్కింది, అంత చిన్న చప్పుడు వినే చెవి నేను కొలిచినవాళ్ళలో ఎవరికీ లేదు. తర్వాత ఒకటి చెప్పాను, నొక్కలేదు. నా మాట తగ్గిపోయిందో, ఆవిడ తగ్గిపోయిందో. ఒక మెట్టు పెంచి మళ్ళీ చెప్పాలి పద్ధతి ప్రకారం. పెంచాను. నర్సు వచ్చి భుజం మీద చేయి వేసింది, ఆ చేయి వెచ్చగా ఉంది, సబ్బు వాసన వేసింది.

ఆరు రాళ్ళున్నాయి. బెంచీకి పదడుగులు. వేశాను, వచ్చాడు. అయిదు. తుమ్మాడు మధ్యలో, ఎప్పటిలాగే, ఆ తుమ్ము చప్పుడుకు నా రాయి చప్పుడు కలిసిపోయి వాడికి వినపడలేదు, అంటే ఒకటి వృథా. ఒంటిగంట యాభై రెండు. నాలుగు. బెంచీ పక్కకి. ఎవరక్కడ? వస్తున్నాడు, లాంతరు ఊగుతూ, పలకలు కిర్రుమంటూ, ఆ పాత నడకే, కాళ్ళు ఎత్తి వేయకుండా. చిన్నావిడను పరుగున తీసుకుపోయి బెంచీ ఎడమవైపు కూర్చోబెట్టాను. ఆవిడ నాకు కూడా పూర్తిగా కనబడదు, ఎండలో రోడ్డు మీద లేచే ఆవిరి మనిషి ఆకారంలో ఉన్నట్టు ఉంటుంది, అంతే. మిగిలిన మూడింట్లో ఒకటి బెంచీ కాళ్ళ దగ్గర, ఆవిడ పాదాల ముందు వేశాను. వచ్చి నిలబడ్డాడు. కూర్చోలేదు, కూర్చోడు, ఎవరూ కూర్చుని లేరు కదా వాడి లెక్కలో. లాంతరు దించాడు. వెలుతురు బెంచీ మీద పడింది, ఆ వెలుతుర్లో గాలి కాస్త వంకరపోయింది, ముసుగు అంచు ఒక గీత, మోకాలు ఒక గీత. ఫొటో తీశాను. ఏడు క్షణాల్లో తీయాలని చూసుకుని తీశాను, పంపాను.

వెంటనే అమ్మాయి దగ్గర్నుంచి: అమ్మ ఏది?

కొట్టాను. ఉంగరం నేనే పెట్టేశాను తల్లీ. ఆవిడ పెట్టుకోకుండా దాచుకుంది, నాకు తెలియలేదు. ఏడు నెలలైంది. నీకు చెప్పలేదు. ఎడమవైపు చూడు.

మూడు చుక్కలు తెర మూలన కదిలాయి, ఆగాయి, కదిలాయి. ఈలోపు మాస్టారు గాలేమో అని నాలుగడుగులు వెనక్కి పోయాడు, ఆఖరికి ముందు రాయి బెంచీ దగ్గరే వేశాను, తిరిగి వచ్చాడు. ఒంటిగంట యాభై తొమ్మిది.

కనబడింది నాన్నా. ఎడం చేయి మోకాలి మీద పెట్టుకుంది కదా.

అవును, అని కొట్టాను.

అమ్మకి తెలిస్తే నిన్ను ఉతికి ఆరేసేది.

అవును, అని మళ్ళీ కొట్టాను. ఒక్క రాయి మిగిలింది. ఇంకెక్కడికీ రప్పించాల్సిన పని లేదు, అయినా గాలేమో అనుకుంటూ పోవడం ఆఖరిమాటగా వినబుద్ధి కాలేదు. ఆవిడ పాదాల దగ్గరే వేశాను, దగ్గరలో దగ్గరగా, ఇంతకన్నా దగ్గర లేదు. టొక్కు. మాస్టారు లాంతరు రెండు చేతులతో పైకెత్తి ఆవిడ మొహం ఉండాల్సిన చోటికి వంగాడు. ఎవరక్కడ? అన్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు లెక్కపెట్టాను. అయిదు దగ్గర నది ఆగిపోయింది, లాంతరు మంట ఆగిపోయింది, వాడు వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. తర్వాత తెర నల్లబడింది. రెండయింది. వాడు గాలేమో అనలేదు. అనే టైము లేకపోయింది.

ల్యాప్‌టాప్ మూసి మోకాళ్ళ మీద ఉంచుకున్నాను. కాసేపు మెడలో నరం ఒక్కటే వినపడింది. చీకట్లో చేతికి కుర్చీ పక్క కొక్కేనికి వేలాడుతున్న బటన్ తగిలింది, జామకాయంత, కొన్ని వేలమంది బొటనవేళ్ళు అరగదీసిన నున్నటి ప్లాస్టిక్, ఇన్నేళ్ళలో ఇటువైపు నుంచి దాన్ని నేను ఒక్కసారి కూడా పట్టుకోలేదు. స్పీకర్ బర్రుమంది.

"సార్, పెద్దాయన ముందే వచ్చేశాడు, నేను కూర్చోబెట్టాను, తన మనవరాలి పెళ్ళి సంగతి నాకు రెండుసార్లు చెప్పాడు. టీ చల్లారిపోయింది, ఇంకోటి తెస్తా." ఆగింది. ఆమె ఆగడం నేనెప్పుడూ వినలేదు. "సార్? ఎవరైనా ఉన్నారా లోపల?"

నొక్కాను. అవతల మిషన్ మీద ఆకుపచ్చ దీపం వెలిగుంటుంది.

"హమ్మయ్య," అంది రేడియో, ఎప్పటి గొంతుతోనే, ఒక్క మెట్టు కూడా తగ్గించకుండా. "చక్కెర ఎంత వెయ్యమంటారు?"